చామంతి పూతకును రాత్రి నిడివికిని గల సంబంధము

ఎంత ఎరువు వేసినను, ఎంత నీరు కట్టినను, దీర్ఘదినములలో చామంతి మొక్క ఆకులనే పెంచును గాని నిండుగా పూయదు. కార్తిక మార్గశిర మాసములలో మడి యంతయు పూవులతో నిండును. దీనికి చలియే కారణమని పలువురు తలంతురు. ముఖ్యకారణము రాత్రి నిడివి.

అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు 1920వ సంవత్సరమున ఈ ధర్మమును ప్రకటించిరి. వేసవిలో పూయక ఎత్తుగా పెరుగు ఒక పొగాకు జాతిని వారు ప్రతిదినము కొంతసేపు చీకటిగదిలో నుంచి పగటిని తగ్గింపగా, అది పూచెను. చామంతియు ఇట్టిదే. రాత్రి నిడివిని గుర్తించునది ఆకు. మొగ్గ తొడుగునది కొన.

హైదరాబాదు ప్రాంతమున జూన్ నెలలో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11 గంటలు ఉండును. ఈ స్వల్పభేదమును బట్టియే మొక్క కాలమును తెలిసికొనును. కావున కృషీవలులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

1. నాటు కాలము: జూన్, జూలై నెలలలో పిలకలను నాటవలెను. ఆలస్యమైనచో మొక్క గుబురు కాకమునుపే రాత్రులు పెరిగి మొగ్గ తొడుగును. పూవులు కొలదిగా నుండును. పిదప ఎరువు వేసి ఈ నష్టమును తీర్చుకొనుట సాధ్యము కాదు.

2. కొనలు త్రుంచుట: నాటిన నాలుగు వారములకు కొనలను త్రుంచినచో ప్రక్కకొమ్మలు పెరుగును. మొగ్గ కట్టిన తరువాత త్రుంచరాదు.

3. దీపములు: నడిరేయి వెలుగు దీర్ఘరాత్రిని ఖండించి రెండు చిన్న రాత్రులుగా చేయును. వీధిదీపము వెలుగు బాగుగా పడు చోట పూత వెనుకబడుటకు ఇదియే హేతువు. అట్టి చోట చామంతిని నాటరాదు. పూతను కావలెనని వాయిదా వేయదలచినవారు రాత్రి 10 గంటలు మొదలు 2 గంటల వరకు మడిపై దీపములు వెలిగింతురు. వానిని ఆపిన పిదప, జాతిని బట్టి, ఇంచుమించు రెండు నెలలకు పూవులు వచ్చును.

4. నల్లగుడ్డ: దీర్ఘదినములలో పూవులు కావలెనన్నచో, సాయంకాలము 5 గంటలు మొదలు ఉదయము 7 గంటల వరకు మొక్కలను దట్టమైన నల్లగుడ్డతో కప్పవలెను. మొగ్గలు రంగు తేలువరకు ఒక్కదినమైనను మానరాదు. ఇది కుండీలకును, చిన్న మడులకును మాత్రమే అనుకూలము.

ఈ నియమము గులాబికి వర్తింపదు. చామంతి విషయమున మాత్రము, పైకము వ్యయము చేయకయే ఫలమిచ్చు ఉపాయము సకాలమున నాటుటయే.