భయమును ఎవరి చేతికి అందించుచున్నాము?



గత వేసవి సెలవులలో, చిన్ననాడు ఒకే బడిలో చదివిన స్నేహితులము నలుగురము ఒక స్నేహితుని యింట కలిసికొంటిమి. భోజనములైన పిమ్మట, రాత్రి పది గంటలు దాటిన వేళ, దీపములార్పి టీవీలో ఒక జపాను దయ్యపు సినిమా చూచితిమి. దాని పేరు "రింగు". చూచుచున్నంతసేపు ఒకరి చేయి ఒకరము పట్టుకొని, అయిపోగానే ఒకరినొకరము ఎగతాళి చేసికొని నవ్వుకొంటిమి. ఆ యింటి పదేండ్ల బాలుడు నిద్రపోలేదనియు, తలుపు సందునుండి అంతయు చూచుచుండెననియు మాకు తెలియదు. తరువాత జరిగినది మమ్మును సిగ్గుపరచెను. దానినే ఈ నెల పాఠముగా మీ యెదుట నుంచుచున్నాము.

1. కథ యిది

ఈ సినిమా జపానులో 1998వ సంవత్సరమున విడుదలయ్యెను. సుజుకి కోజి 1991లో ప్రకటించిన నవలను ఆధారము చేసికొని నకాతా హిదేయో దీనిని తీసెను. ఒక వీడియో క్యాసెట్టు ఉన్నది. దానిని చూచినవారికి వెంటనే టెలిఫోను మ్రోగును. ఏడు దినములకు వారు చనిపోవుదురు. రేయికో అను విలేఖరి తన తోబుట్టువు కుమార్తె మరణమునకు కారణము వెదకుచు దానిని చూచును. దానికి ఒక ప్రతి తీసి, విడిపోయిన భర్తకును చూపును. వారి చిన్న కుమారుడు కూడ తల్లికి తెలియకుండ చూచును.

సదాకో అను యువతిని కొట్టి బావిలో పడవేసిరని ఆ యిద్దరును తెలిసికొందురు. బకెట్లతో నీరు తోడి ఆమె ఎముకలను కనుగొందురు. శాపము తీరినదని తలంతురు. కాని మరునాడే భర్త చనిపోవును. అప్పుడు రేయికోకు అర్థమగును: తాను బ్రదికినది ఎముకలను వెలికి తీసినందుకు కాదు, ప్రతి తీసి మరియొకరికి చూపినందుకు. కడపట కుమారుని కాపాడుకొనుటకై ఆమె ఆ క్యాసెట్టు తీసికొని తన తండ్రి యింటికి కారులో బయలుదేరును. సినిమా అక్కడ ముగియును.

టీవీ పెట్టెలోనుండి దయ్యము బయటికి వచ్చు ఘట్టమును అందరును తలచుకొందురు. మాకైతే ఆ కారు ప్రయాణమే అన్నిటికంటె భయంకరముగా తోచెను. బిడ్డను ప్రేమించు తల్లి తన కన్నతండ్రి యొద్దకు మృత్యువును మోసికొని పోవుచున్నది.

2. ఆ కథకు వేళ్లెక్కడ?

స్నేహితులు రాత్రివేళ కూడి భయపు కథలు వినుట జపానువారికి క్రొత్త కాదు. 1603 మొదలు 1868 వరకు సాగిన ఎడో కాలమున వారు నూరు దీపములు వెలిగించి, ఒక్కొక్క కథ చెప్పి ఒక్కొక్క దీపమును ఆర్పెడివారు. చివరి దీపము ఆరగానే ఏదో ఒకటి ప్రత్యక్షమగునని నమ్మిక. అందుచేత తొంబది తొమ్మిదవ కథతోనే ఆపి తెల్లవారువరకు కూర్చుండువారును ఉండిరట.

బావిలోని స్త్రీ కథయు పాతదే. ఓకికు అను పనిపిల్ల పది పళ్లెములలో ఒకటి పోగొట్టెనని నింద మోపి, చంపి, బావిలో వేసిరని వారి పూర్వకథ. రాత్రులయందు ఆ బావినుండి ఒకటి మొదలు తొమ్మిది వరకు పళ్లెములు లెక్కించు స్వరము వినబడునట. హిమేజి కోటలో నేటికిని ఓకికు బావి అని ఒక బావిని చూపుదురు.

సదాకో తల్లి కథ, నిజముగా బ్రదికిన ఒక స్త్రీని జ్ఞప్తికి తెచ్చుచున్నది. మిఫునే చిజుకో అను ఆమె మూసియుంచిన వస్తువులను చూడగలదని పేరుపడెను. 1910లో పండితులు ఆమెను పరీక్షించిరి. పత్రికలలో సందేహములు బయలుదేరెను. 1911లో, 24 ఏండ్ల వయస్సున, ఆమె విషము త్రాగి చనిపోయెను.

గమనించుడి. ఈ మూడు సంగతులలోను మొదట ఉన్నది దయ్యము కాదు. నిందపాలైన లేక హింసింపబడిన ఒక మనిషి ఉన్నది. ముందు మనుష్యులు ఆమెకు భయపడి లేక కోపపడి ఆమెను నాశనము చేసిరి. తరువాత ఆమె పేరు చెప్పి భయపడిరి.

3. మా మధ్య జరిగినది

మరునాడు ఆ బాలుడు అన్నము ముట్టలేదు. ఎంత అడిగినను చెప్పలేదు. సాయంకాలము మా ప్రక్కకు వచ్చి, "మామయ్యా, నాకింక ఎన్ని రోజులున్నాయి?" అని అడిగెను. మాకు నోట మాట రాలేదు.

అప్పటికే వాడు తన పిన్ని కూతురికి ఆ కథ చెప్పియుండెను. మరియొకరికి చెప్పినయెడల తాను బ్రదుకుదునని వాని ఆశ. ఆ పిల్ల తన యీడు వారిద్దరికి చెప్పెను. మూడవ దినమునకు వీధిలోని పిల్లలెవరును చీకటిపడిన తరువాత పెరటిలోనికి పోవుట లేదు. ఒక పిల్లకు జ్వరము వచ్చెను. అమ్మమ్మ తాయెత్తు కట్టించవలెననెను. అంతలో ఎవరో వీధి చివర పాడుబావి ప్రక్కన ఒంటరిగా కాపురముండు ముసలమ్మ పేరు ఎత్తిరి.

ఆ మాట వినగానే మా గుండె ఝల్లుమనెను. చేతబడి అను అనుమానముతో మన తెలుగు పల్లెలలో మనుష్యులను కొట్టిరనియు చంపిరనియు పత్రికలలో చదివియున్నాము. మేము నవ్వుకొనుటకు చూచిన సినిమా మూడు దినములలో ఒక దిక్కులేని ముసలమ్మ గడప వరకు పోయెను.

పూర్వము పోస్టుకార్డులు వచ్చెడివి: ఈ సంగతి ఇంతమందికి వ్రాయుడి, లేనియెడల కీడు కలుగునని. ఇప్పుడవే మాటలు సెల్‌ఫోనులో వచ్చుచున్నవి. చదువుకొన్నవారు కూడ, ఎందుకైనను మంచిదని, పదిమందికి పంపి నిద్రపోవుదురు. ఆ పదిమంది నిద్ర మాటేమి?

4. పడవ ఎక్కినవాడు

మత్తయి సువార్త 14వ అధ్యాయములో శిష్యులు రాత్రి నాలుగవ జామున సముద్రముపై కలిసియుండిరి. వారును స్నేహితులే. నీటిమీద నడచి వచ్చుచున్న యేసును చూచి భూతమనుకొని కేకలు వేసిరి. ప్రభువు వారిని చూచి నవ్వలేదు. మీ భయము మీరే పడుడని దాటిపోలేదు. ముందు మాటలాడి తానెవరో తెలియజేసెను. తరువాత వారున్న పడవనే ఎక్కెను. సినిమాలో ప్రాణము కాపాడుకొను మార్గము భయమును పొరుగువానికి అందించుట. సువార్తలో భయము తీరిన మార్గము ఒకడు దగ్గరకు వచ్చి ప్రక్కన నుండుట.

మేమును అట్లు చేయ ప్రయత్నించితిమి. మొదట ఇంటింటికి పోయి, తప్పు మాదని ఒప్పుకొంటిమి. తరువాత పిల్లలనందరిని పగటివేళ ఒక చోట కూర్చుండబెట్టితిమి. సదాకో నడక అంత వింతగా ఉండుటకు, నటిని వెనుకకు నడిపించి ఆ బొమ్మను తిరుగవేసి చూపిరని వివరించితిమి. పిల్లలనే వెనుకకు నడిపించి, సెల్‌ఫోనులో తీసి, తిరుగవేసి చూపితిమి. తమ నడకనే చూచికొని వారు పడిపడి నవ్విరి. జ్వరము వచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసికొని పోయితిమి. అందరము కలిసి ముసలమ్మ యింటికి వెళ్లితిమి. ఆమె పిల్లలకు వేయించిన వేరుశనగలు పెట్టెను. ఆమె పేరెత్తినవారును ఆ దినమున అక్కడికి వచ్చిరి.

ఏడవ రాత్రి మేము ఆ బాలుని ప్రక్కనే వసారాలో పడుకొంటిమి. వాడు చాలసేపు మా చేయి విడువలేదు. తెల్లవారి కోడి కూయగానే లేచి, "మామయ్యా, ఎనిమిదో రోజు వచ్చింది" అనెను.

ప్రియులారా, భయపు కథ వినుట పాపమని మేము చెప్పుట లేదు. ఆ సినిమా నేర్పుతో తీసినదే. అయితే దీపము ఆర్పకముందు తలుపు వెనుక ఎవరున్నారో చూడుడి. దీపము వెలిగించిన తరువాత, మనకు కలిగిన భయము ఎవరి యింటికి పోవుచున్నదో కనిపెట్టుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ నెలలో నిజమో కాదో తెలిసికొనకుండ ఏ భయపు మాటను ఇతరులకు చెప్పితిమి?

2. మన వీధిలో జనులు పేరెత్తి భయపడు ఒంటరి మనిషి ఎవరు? మన మామె గడప త్రొక్కి ఎన్నాళ్లయినది?

3. మన యింటి పిల్లలు భయపడినప్పుడు నవ్వుచున్నామా, ప్రక్కన కూర్చుండుచున్నామా?