వాట్‌మీటరు ముల్లు – బోరు మోటారు

ఎలక్ట్రికల్ బ్రాంచి విద్యార్థికి మూడవ సంవత్సరం వచ్చేసరికి మూడు పేపర్లు మూడు దిక్కులుగా కనిపిస్తాయి. మెజర్‌మెంట్స్ వేరు, సిగ్నల్స్ వేరు, కంట్రోల్ సిస్టమ్స్ వేరు. ఒకదానికి ఫార్ములాలు, ఒకదానికి ఇంటెగ్రల్స్, ఒకదానికి గ్రాఫులు బట్టీ పట్టి గట్టెక్కేవారే ఎక్కువ. నిజానికి ఈ మూడూ ఒకే పెట్టెలో వున్నాయి. లేబరేటరీ బల్లమీద వుండే డైనమోమీటరు వాట్‌మీటరే ఆ పెట్టె. దాని భాష అర్థం కావాలంటే వూరు దాటి ఏ చీనీ తోటలోనో నడిచే బోరు మోటారును తలచుకోవాలి. 1946లో గిండీలో మొదలై 1948లో ఈ కరువు సీమకు తరలివచ్చిన కళాశాలలో చదువుకొని, చుట్టుపక్కల బోర్ల సంగతి తెలియకుండా పట్టా పుచ్చుకొని వెళ్ళడం న్యాయం కాదు గదా!

మూడు తీగల మీద వచ్చే త్రీఫేజ్ పవరును కొలవడానికి రెండు వాట్‌మీటర్లు చాలునని మనకు తెలుసు. ఎన్ని తీగలుంటే అంతకు ఒకటి తక్కువ మీటర్లు చాలునన్న సూత్రాన్ని ఫ్రెంచి ఇంజనీరు బ్లోండెల్ 1893లో ప్రతిపాదించాడు. లోడు బ్యాలెన్సుగా వుంటే ఒక మీటరు, లైన్ వోల్టేజిని లైన్ కరెంటుతోను, 30 డిగ్రీలలోంచి ఫై తీసివేసిన కోణపు కొసైన్‌తోను గుణించగా వచ్చేది చూపుతుంది. రెండవది 30కి ఫై కలిపిన కోణపు కొసైన్‌తో గుణించింది చూపుతుంది. రెండూ కూడితే మొత్తం పవరు. ఇంతవరకు అందరికీ నోటికి వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, ఫై 60 డిగ్రీలు దాటినప్పుడు, అనగా పవర్ ఫ్యాక్టరు 0.5 కంటే తగ్గినప్పుడు, రెండవ మీటరు ముల్లు వెనక్కి తిరిగి అడ్డుపుల్లకు కొట్టుకుంటుంది. "మీటరు చెడిపోయింది సార్" అనే కేక ప్రతి బ్యాచిలోను వినబడేదే. కాయిల్ కనెక్షన్లు తారుమారు చేస్తే ముల్లు ముందుకు వస్తుంది, రీడింగు రాసుకుంటారు. అయితే ఆ రీడింగు ముందు మైనస్ గుర్తు పెట్టాలన్నది చాలామంది మరచిపోతారు.

ఆ గుర్తు విలువ ఎంతో ఒక లెక్కతో చూద్దాం. 5 హార్స్ పవరు మోటారును 415 వోల్టుల మీద లోడు లేకుండా తిప్పాం; కరెంటు 4 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టరు 0.2 అనుకోండి. ఒక మీటరు సుమారు 1,100 వాట్లు చూపుతుంది. రెండవది మైనస్ 525. మోటారు నిజంగా తీసుకొనేది 575 వాట్లు. గుర్తు మరచిపోతే 1,625 వాట్లు వస్తుంది. వట్టిగా తిరిగే మోటారు అంత మింగుతుందని రికార్డు బుక్కులో రాసిన విద్యార్థికి లెక్క తప్పలేదు, అర్థం తప్పింది.

ఇప్పుడు ఇదే మోటారును బోరులోకి దించుదాం. జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. నల్లరాతి పగుళ్ళలో చేరిన నీరే బోర్లకు ఆధారం. నీళ్ళు నిండుగా వున్నప్పుడు మోటారు 8.1 ఆంపియర్లు, 0.8 పవర్ ఫ్యాక్టరుతో నడుస్తుంటే, మీటర్లు 3,340, 1,320 వాట్ల చొప్పున చూపుతాయి, మొత్తం 4,660. ఎండాకాలంలో ఒక గంట తోడేసరికి నీరు అడుగంటి పంపు గాలి పీల్చడం మొదలుపెట్టింది. లోడు తగ్గింది. కరెంటు 5 ఆంపియర్లకు, పవర్ ఫ్యాక్టరు 0.45కు దిగిందనుకుందాం. ఒక మీటరు 1,735, రెండవది మైనస్ 120 దగ్గర. మొత్తం 1,615.

ఇక్కడ కాస్త నిలబడి చూడండి. కరెంటు మూడింట ఒక వంతుకు పైగా మాత్రమే తగ్గింది. పవరు మాత్రం మూడింట రెండు వంతులు పడిపోయింది. ఎందుకంటే మోటారులో మ్యాగ్నటైజింగ్ కరెంటు, నీళ్ళున్నా లేకున్నా ప్రవహించేదే. అమ్మీటరు దాన్నీ కలిపి చూపుతుంది, వాట్‌మీటరు దాన్ని వదిలేస్తుంది. పైగా మన పల్లెల్లో లో వోల్టేజి మామూలు కనుక కరెంటు తన కారణాలతో తాను అటూ ఇటూ అవుతుంటుంది. బోరు ఎండిందా లేదా అని పసిగట్టడానికి ఆంపియర్ల కంటే వాట్లే నమ్మకమైన సాక్షి. లేబరేటరీలో విసుగు పుట్టించిన మైనస్ గుర్తే ఈ ఉదాహరణలో "నీళ్ళు లేవు, మోటారు ఆపు" అని చెబుతోంది. నీరు చల్లబరచకపోతే సబ్‌మెర్సిబుల్ మోటారు వైండింగు కాలుతుంది. దాన్ని పైకి లాగి, రివైండింగ్ షాపులో ఇచ్చి, మళ్ళీ దించడానికయ్యే ఖర్చు రైతుకు పంటమీద మిగిలేదాన్ని తినేస్తుంది.

సరే, ఆ పెట్టె లోపల ఏం జరుగుతోంది? ఒక కాయిల్‌లో కరెంటు, మరొక కాయిల్‌లో వోల్టేజికి అనుగుణమైన కరెంటు. రెండింటి లబ్ధమే ముల్లును తిప్పే బలం. సైన్ వేవులు రెండు గుణిస్తే ఒక స్థిరమైన భాగము, సెకనుకు 100 సార్లు వూగే భాగము వస్తాయి. ముల్లు బరువుకు, స్ప్రింగుకు ఆ 100 సార్ల వూపును అనుసరించే శక్తి లేదు. స్థిరమైన భాగం దగ్గరే నిలబడుతుంది. సిగ్నల్స్ పేపర్లో లో-పాస్ ఫిల్టరు అని రెండు పేజీలు రాస్తామే, అదే ఇది! ఈనాటి ఎలక్ట్రానిక్ మీటరు వోల్టేజిని, కరెంటును సెకనుకు వేల శాంపిల్స్‌గా కోసి, జతజతగా గుణించి, సగటు కడుతుంది. పని మారలేదు, పనిముట్టు మారింది.

ముల్లు కదలికలో జడత్వం, స్ప్రింగు, గాలి డ్యాంపింగ్ మూడూ వున్నాయి కనుక అది సెకండ్ ఆర్డర్ సిస్టమ్. డ్యాంపింగ్ చాలకపోతే ముల్లు వూగుతూనే వుంటుంది. ఎక్కువైతే నత్తలా పాకుతుంది. వైవాలో తరచు అడిగే ప్రశ్న: ఇక్కడ డ్యాంపింగుకు అయస్కాంతం ఎందుకు వాడరు? కాయిళ్ళ ఫీల్డు చాలా బలహీనం, పక్కన శాశ్వత అయస్కాంతం పెడితే అది చెదిరిపోతుంది. అందుకే గాలి.

కంట్రోల్ పాఠం బోరు దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. నీరు తగ్గగానే మోటారు ఆపి, వెంటనే మళ్ళీ వేసే ఏర్పాటు చేశారనుకోండి. బోరులో నీరు వూరడానికి వ్యవధి కావాలి గదా! మోటారు ఆగుతూ, ఎక్కుతూ హంటింగులో పడుతుంది. ఆపిన తర్వాత కొంతసేపు వేచివుండే టైమరు తప్పనిసరి. ఆటో స్టార్టర్ల కథా అంతే. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఒక్కొక్కటి మొదట అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజి కుంగిపోయి, ఏ మోటారూ సరిగా లేవలేక అన్నీ కాగుతాయి. ఒక్కొక్క స్టార్టరుకు ఒక్కొక్క రకం ఆలస్యం పెడితే చాలు.

ఇక కెపాసిటరు, మన రైతులు కండెన్సర్ అంటారు. పైన చెప్పిన 4,660 వాట్ల మోటారుకు 2 కిలోవార్ కెపాసిటరు కడితే పవర్ ఫ్యాక్టరు 0.8 నుంచి 0.95కు పెరిగి, లైనులో కరెంటు 8.1 నుంచి 6.8కి తగ్గుతుంది. అన్ని మోటార్లకూ ఇలాగే కడితే ఆ లైను తీగల్లో వృథా అయ్యేది నూటికి 29 వంతులు తగ్గుతుంది. కాని 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక చాలామంది రైతులకు వాట్ల బిల్లన్నదే లేకపోయింది. కండెన్సర్ ఖర్చు ఒకరిది, పెరిగే వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు కిందున్న అందరిది. నా మటుకు నాకు ఇది రైతు అజ్ఞానం అనిపించదు, లెక్కే అలా వుంది. అందరూ కట్టుకుంటేనే అందరికీ లాభం.

కండెన్సరుకు ఇంకో వాడకం కూడా పల్లెల్లో వుంటూ వచ్చింది. రాత్రి పూట సింగిల్ ఫేజే వున్నప్పుడు, దీని సాయంతో మూడవ తీగకు ఫేజు కల్పించి త్రీఫేజ్ మోటారును తిప్పుతారు. వైండింగుల్లో కరెంట్లు సమానంగా వుండవు, మోటారు వేడెక్కుతుంది. అది మంచి పద్ధతి కాదు. పరీక్షకు కూర్చునేవారికి మాత్రం ఇది మంచి ప్రశ్న. ఇటువంటి మోటారుకు రెండు వాట్‌మీటర్లు కడితే వాటి మొత్తం నిజమేనా? నిజమే. బ్లోండెల్ సూత్రానికి బ్యాలెన్సుతో నిమిత్తం లేదు. కాని ఆ రీడింగుల తేడాను మొత్తంతో భాగించి, 1.732తో గుణించి టాన్ ఫై కట్టే ఫార్ములా ఇక్కడ చెల్లదు. అది మూడు ఫేజులూ సమానమన్న షరతు మీద పుట్టింది. ఆ షరతు రాయకుండా ఫార్ములా ఒక్కటే రాసిన జవాబుకు సగం మార్కులే వేయాలని నా అభిప్రాయం.