యాత్రలో బస: ముందుగా కుదుర్చుకొనవలెనా?

విద్యార్థుల విహారయాత్రకు తేదీ నిశ్చయమైన వెంటనే ఒక చర్చ బయలుదేరుతుంది. బసను ముందుగానే కుదుర్చుకొనవలెనా, లేక చేరిన ఊరిలో వెదకుకొనవచ్చునా? ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని ఖర్చు, క్షేమము, తోటి విద్యార్థుల పట్ల న్యాయము అనే మూడింటికీ దీనితో సంబంధమున్నది.

మన జంటనగరాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. హైదరాబాదులోని కార్వాన్ అను పేరే వర్తకుల బిడారులను గుర్తుచేస్తున్నది. గోల్కొండ సమీపమున షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఉన్నది. అందులో ముసాఫిర్లకు గదులు, వారి గుర్రాలకు, ఒంటెలకు శాలలు ఏర్పరచినారు. ముందుగా కబురంపే సాధనములు లేని కాలములో బాటసారికి ఇటువంటి సరాయిలూ సత్రాలే ఆధారము.

ఆ రోజులలోనూ పెద్ద బృందానికి ముందుచూపు తప్పలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నము నుండి కాశీయాత్రకు బయలుదేరి, హైదరాబాదు మీదుగా సాగి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినాడు. పరివారము పెద్దది గనుక డేరాలను వెంట తీసుకొనిపోయినాడు. దారిలోని ఊళ్లలో దిగుటకు గల వసతిని, నీటిని, అంగళ్లను గురించి వ్రాసిపెట్టినాడు. తరువాతి యాత్రికునికి ఆ వ్రాతయే మార్గదర్శి అయినది.

నేడు ఇల్లువంటి కారవాన్ బండిలోనే తిరుగువారు ఉన్నారు. కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి పర్యటనకు ఒక విధానమును ప్రకటించినది. అయినను ఆ బండికి కూడ రాత్రివేళ నిలుచుటకు చోటు, విద్యుత్తు, మంచినీరు, మురుగునీరు వదలు ఏర్పాటు కావలెను. ఇల్లు వెంట ఉన్నంతమాత్రాన బస చింత తీరదు.

ముందుగా కుదుర్చుకొనుటలో నష్టము లేకపోలేదు. వాన కురిసినా, బండి చెడినా, ఒకచోట మరికొంతసేపు నిలువవలెననిపించినా కట్టిన సొమ్ము పోవచ్చును. కనుక అన్నిటికీ ఒకే నియమము పనికిరాదు. ఇద్దరు ముగ్గురు మిత్రులు పనిదినములలో పోవునపుడు చేరిన ఊరిలో వెదకుకొనవచ్చును. నలుబదిమంది బృందమునకు, సంక్రాంతి సెలవులలో అరకు వంటి చోటికి పోవువారికి, రాత్రివేళ రైలు దిగువారికి అది తగదు. విద్యార్థినులు కూడ ఉన్నపుడు రాత్రి పదిగంటలకు గదుల కొరకు వీధులు తిరుగుట సాహసము కాదు, అజాగ్రత్త. చేరిన మొదటి రాత్రికీ, తిరుగురైలుకు ముందటి రాత్రికీ బస నిశ్చయముగా ఉండవలెను. నడుమ దినములలో కొంత వెసులుబాటు ఉంచుకొనవచ్చును.

ఇంకొక మాట. రైల్వే వారు 2024 నవంబరు 1 నుండి టిక్కెట్టు రిజర్వేషను గడువును 120 దినముల నుండి 60 దినములకు తగ్గించినారు. రైల్వే ఉద్యోగుల కుటుంబాలు అనేకమున్న మన మెట్టుగూడలో ఈ సంగతి తెలియనివారు అరుదు. కాని రెండు నెలల ముందే సొమ్ము కట్టగల ఇల్లు ఎన్ని? త్వరపడి జాబితా ముగిస్తే, నెలజీతముతో గడుపుకొనువారి పిల్లలు ఇంటనే మిగిలిపోదురు. అందుచేత తొలి బయానాను కళాశాల కమిటీ వారు తమ నిధి నుండి చెల్లించి, విద్యార్థుల వద్ద వాయిదాలుగా రాబట్టుకొనుట ఉచితమని మేము భావిస్తున్నాము. రద్దు చేసుకొన్నచో ఎంత తిరిగివచ్చునో ముందే వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను.

సరాయి తలుపు ధనికునికీ పేదకూ ఒక్కటిగానే తెరచుకొనెడిది. మన ముందస్తు ఏర్పాటు కూడ అట్టి తలుపే కావలెను.