స్ప్రెడ్‌షీటులో తేదీ: రూపము, విలువ

తేదీ వ్రాయుటలో దేశమునకొక సంప్రదాయము కలదు. మనము ముందు దినమును, పిదప మాసమును, తుదను సంవత్సరమును వ్రాయుదుము. అమెరికావారు మాసమును ముందు వ్రాయుదురు. 1-11-1956 మనకు ఆంధ్రప్రదేశము, నూతన మైసూరు రాష్ట్రము అవతరించిన నవంబరు మొదటి దినము. ఆ అంకెలే అమెరికా పద్ధతిని జనవరి పదునొకండవ దినమగును.

ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీటు తేదీని దినసంఖ్యగా దాచుకొనును. 1900 జనవరి 1వ తేదీ దానికి 1. 1956 నవంబరు 1వ తేదీ 20760. గడికి ‘జనరల్’ అను రూపము నిచ్చినచో ఈ సంఖ్య బయటపడును. కావున కంటికి కనబడు రూపము వేరు, లోపల నున్న విలువ వేరు.

అమెరికా పద్ధతి నెలకొన్న యంత్రమున పాఠశాల ప్రవేశపట్టికను వ్రాయుచున్నామనుకొనుడు. 5-6-2014 అని జన్మతేదీ కొట్టినచో జూన్ 5 మారి మే 6 అగును. 13-6-2014 అని కొట్టినచో, పదుమూడవ మాసము లేదు గనుక, అది తేదీగా గ్రహింపబడక వట్టి అక్షరములుగా నిలుచును. సాధారణముగా గడిలో ఎడమ ప్రక్కకు ఒదిగియుండును. ఇట్టి తప్పు కనబడును. మొదటి తప్పు కనబడదు, అదియే ప్రమాదకరము. ఒక రాష్ట్రమున చదివి మరియొక రాష్ట్రమునకు పోవు మన బాలబాలికల బదిలీపత్రములలో జన్మతేదీ తారుమారైనచో, ఆ చిక్కు పరీక్షలవరకు, ఉద్యోగమువరకు వెన్నంటును.

నివారణోపాయము సులభము. విండోస్ యంత్రమున కంట్రోల్ ప్యానెల్‌లోని ‘రీజియన్’ తెరచి ‘ఇంగ్లీష్ (ఇండియా)’ ఎన్నుకొని, ‘షార్ట్ డేట్’ నందు దినము ముందుండు రూపము నిలుపవలెను. గూగుల్ షీట్స్‌లో ‘ఫైల్’, ‘సెట్టింగ్స్’, ‘లొకేల్’ అను వరుసను ఇండియాను ఎన్నుకొనవలెను. ఈ పని పట్టిక వ్రాయుటకు పూర్వమే జరుగవలెను. పిదప మార్చినచో మే 6గా దాగిన విలువ 06-05-2014 అని కనబడునే గాని జూన్ 5 కాజాలదు. అప్పుడు మూలమైన రిజిస్టరుతో ఒక్కొక్క పేరును సరిచూచుటయే శరణ్యము.

పలుదేశములవారు చదువు పట్టికలకు 1988లో వెలువడిన ఐఎస్‌ఓ 8601 ప్రమాణము మేలు. దాని ప్రకారము 2014-06-05 అని సంవత్సరము ముందు వ్రాయుదురు, సందేహమునకు తావుండదు.

అభ్యాసము

1. రూపమునకు, విలువకు గల భేదమేమి?

2. అమెరికా పద్ధతి గల యంత్రమున 4-7-2015, 25-12-2015, 8-8-2015 అని కొట్టినచో ఏది కనబడకుండ తప్పగును? ఏది అక్షరములుగా మిగులును? దేనికి హాని లేదు? ఏల?