దాస్తానులలో వ్యాధులు – చికిత్సలు

పారశీక, ఉర్దూ భాషలలో 'దాస్తాన్' అనే కథా సంప్రదాయం ఒకటి ఉన్నది. పరీలు, జిన్నులు, మాయావులు, మాటలాడే పక్షులు సంచరించే ఆ లోకం కేవలం కల్పితం. అయినప్పటికీ అక్కడి మనుష్యులు కూడా మనవలెనే వ్యాధిగ్రస్తులవుతారు. మనవలెనే ఔషధం కొరకు పరితపిస్తారు. ఆ లోకంలో వ్యాధి ఎట్లు సంభవిస్తుంది? దానికి మందు ఎక్కడ లభిస్తుంది? ఆ మందును రోగి చెంతకు ఎవరు చేరుస్తారు? ఈ మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలింప తలచినాము. వీటిలో మూడవది ముఖ్యమైనదని మా అభిప్రాయం.

ముందుగా మన ఉభయ భాషల విద్యార్థులకూ పరిచితమైన గుల్-ఎ-బకావలీ కథను తీసుకొందాము. ఈ కథను నిహాల్‌చంద్ లాహోరీ కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాల కొరకు 'మజ్హబ్-ఎ-ఇష్క్' అనే పేరుతో ఉర్దూ వచనంలో రచించినాడు. తరువాత పండిత దయాశంకర్ నసీమ్ దానిని 'గుల్జార్-ఎ-నసీమ్' అనే మస్నవీగా మలచినాడు. తెలుగువారికి ఇది 1962లో ఎన్.టి. రామారావు నటించిన 'గులేబకావళి కథ' చలనచిత్రం ద్వారా మరింత చేరువైనది.

కథలో జైనుల్ ములూక్ అనే రాజు తన కనిష్ఠ పుత్రుడైన తాజుల్ ములూక్‌ను చూచినంతనే అంధుడవుతాడు. ఇక్కడ దోషం నేత్రంలో లేదు, విధిలో ఉన్నది. వైద్యులు మందు పేరు చెప్పగలిగినారు గాని తెచ్చి ఇవ్వలేకపోయినారు. అది పరీల రాజ్యంలో బకావలి ఉద్యానంలో పూచే పుష్పం. నలుగురు అన్నలు బయలుదేరి జూదంలో ఓడి బందీలైనారు. ఏ కుమారుని చూచి తండ్రి కన్నులు పోయినవో, ఆ కుమారుడే పుష్పమును సాధించినాడు. వ్యాధికి కారణమని వెలివేయబడినవాడే చికిత్సకు సాధనమగుట ఈ కథలోని విశేషం. మరియొక చిన్న అంశం కూడా గమనింపదగినది. అతడు ఆ పుష్పమును తిరుగు ప్రయాణంలో ఒక అంధ ఫకీరు కన్నులపై పరీక్షించి చూచినాడు. మాయాలోకంలో సైతం మందును పరీక్షింపక నమ్మరాదని కథకుడు భావించినాడన్న మాట!

ఇటువంటి అంధత్వమే మరింత ప్రాచీనమైన ఫిర్దౌసీ 'షాహ్‌నామా'లోనూ కనిపిస్తుంది. సుమారు 1010లో పూర్తియైన ఈ మహాకావ్యంలోని కథలకు కూడా దాస్తానులనే పేరు. కైకావూస్ అనే రాజు, పెద్దలు వారించినా వినక, మాజందరాన్‌పై దండెత్తినాడు. అక్కడ శ్వేత రాక్షసుని మాయచేత రాజుకు, అతని సేనలో అనేకులకు చూపు పోయినది. రుస్తుం ఏడు గండములు దాటి రాక్షసుని వధించి, వాని రక్తమును వారి కన్నులలో వేయగా తిరిగి చూపు వచ్చినది. కైకావూస్ అంధత్వమునకు మూలం అతని అహంకారమే. శరీరానికి వచ్చిన జబ్బు వెనుక మనస్సుకు వచ్చిన జబ్బు ఒకటి ఉన్నదని దాస్తాను సూచిస్తుంది.

అయితే దాస్తానులలోని చికిత్స అంతా మాయయే అనుకొనరాదు. రుస్తుం జనన వృత్తాంతమే ఇందుకు నిదర్శనం. గర్భస్థ శిశువు మిక్కిలి పెద్దదగుటచే తల్లి రూదాబా ప్రసవించలేక మృత్యుముఖంలో ఉన్నది. భర్త జాల్ తనను పెంచిన సీముర్గ్ పక్షి ఇచ్చిన ఈకను కాల్చగా ఆ పక్షి వచ్చి చికిత్సా విధానమును ఉపదేశించినది. ముందు ఆమెకు మద్యమిచ్చి స్పృహ లేకుండా చేయవలెను; చేయి తిరిగిన పురోహితుడు పార్శ్వమును కోసి శిశువును వెలికి తీయవలెను; గాయమును కుట్టవలెను; ఒక మూలికను పాలు, కస్తూరితో నూరి, నీడన ఆరబెట్టి, పూయవలెను. చివర మాత్రమే పక్షి ఈకతో నిమురవలెను. మత్తు, కోత, కుట్టు, లేపనము – ఈ క్రమంలో మాయ అన్నిటికంటె వెనుక నిలిచినది. బోస్టన్‌లో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్సను బహిరంగంగా ప్రదర్శించినది 1846లో. క్లోరోఫారం మత్తు ఎంతవరకు సురక్షితమో తేల్చుటకు మన హైదరాబాదులోనే నిజాం పోషణలో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున 1888, 1889 సంవత్సరాలలో పరిశోధనలు జరిగినవి. నొప్పి తెలియని శస్త్రచికిత్సను మానవుడు శాస్త్రంలో సాధించుటకు ఎన్నో శతాబ్దాలకు పూర్వమే కావ్యంలో కోరుకొన్నాడు.

తెలుగు విద్యార్థులకు ఇక్కడ రామాయణ యుద్ధకాండ స్ఫురించక మానదు. పూజ్యమైన ఇతిహాసమును దాస్తానుల వరుసలో చేర్చుట మా ఉద్దేశం కాదు. పోలికను చూపుటయే మా ఉద్దేశం. జాంబవంతుడు హనుమంతునికి చెప్పిన ఓషధులు నాలుగు. మృతసంజీవని ప్రాణమును నిలుపుతుంది. విశల్యకరణి గుచ్చుకొన్న ఆయుధమును తొలగిస్తుంది. సువర్ణకరణి మేని కాంతిని మరల ఇస్తుంది. సంధానకరణి విరిగినదానిని అతుకుతుంది. యుద్ధంలో గాయపడినవానికి కావలసిన చికిత్స అంతయు ఈ నాలుగు పేర్లలోనే ఉన్నది. ఇక్కడనూ మందు దూరాన ఉన్నది. దానిని తెచ్చువాడు వేరొకడు. పర్వతమునే పెకలించి తెచ్చినవాని తొందర వలననే ప్రాణములు దక్కినవి.

తొందరపడవలసిన చోట జాప్యం జరిగితే ఏమగునో సుహ్రాబ్ కథ చెప్పుతున్నది. రుస్తుం తన కుమారుడని ఎరుగక సుహ్రాబ్‌ను రణరంగంలో పొడిచినాడు. నిజం తెలిసిన పిమ్మట, ఎంతటి గాయమునైనను మాన్పగల 'నూష్‌దారూ' అనే ఔషధం కొరకు కైకావూస్ వద్దకు గూదర్జ్‌ను పంపినాడు. మందు రాజభాండారంలో సిద్ధంగా ఉన్నది. కాని సుహ్రాబ్ జీవించినచో తండ్రీకొడుకులు ఒకటై తన సింహాసనమునకు ముప్పు తెత్తురని శంకించి రాజు నిరాకరించినాడు. రుస్తుం స్వయంగా బయలుదేరినాడు. అతడు గమ్యం చేరకముందే కుమారుని మరణవార్త వెనుక నుండి వచ్చి చేరినది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లని మనము చెప్పుకొనునట్లే, సుహ్రాబ్ మరణించిన పిదప నూష్‌దారూ అన్నది పారశీకంలో సామెతయై నిలిచినది. ఏ రాజుకు రుస్తుం చూపు తెచ్చి ఇచ్చినాడో ఆ రాజే రుస్తుం కుమారునికి మందు ఇవ్వలేదు. కన్నులు బాగైనవి గాని హృదయం బాగుపడలేదు.

మా పరిశీలనలో తేలిన సారాంశం ఇదియే. దాస్తానుల లోకంలో మందు లేని జబ్బు అరుదు. సుహ్రాబ్‌ను చంపినది గాయం మాత్రమే కాదు, మందు అందకపోవుట కూడా. ఈ సత్యం కల్పిత లోకానికే పరిమితం కాదు. మశూచికి టీకా పద్ధతిని ఎడ్వర్డ్ జెన్నర్ ప్రయోగించి చూపినది 1796లో. భారతదేశంలో ఆ వ్యాధి అంతమైనది 1975లో. ప్రపంచంలో సహజంగా సోకిన చివరి కేసు 1977లో సొమాలియాలో కనిపించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని నిర్మూలనను 1980లో ప్రకటించినది. నివారణ మార్గం తెలిసిన పిదప అది అందరి చెంతకు చేరుటకు సుమారు 180 సంవత్సరములు పట్టినది! ఆ మధ్యకాలంలో మరణించినవారందరూ సుహ్రాబులే. ఊరూరా తిరిగి టీకాలు వేసిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలే ఈ కథలో తాజుల్ ములూక్‌లు.

విద్యార్థులు ఒక భేదమును మరువరాదు. ఫిర్దౌసీ సీముర్గ్‌ను వర్ణించిన కాలముననే ఇబ్న్ సీనా జీవించి 'అల్-ఖానూన్' వైద్యగ్రంథమును రచించినాడు. అంతకు పూర్వమే అల్-రాజీ మశూచికి, తట్టుకు గల భేదమును లక్షణములతో వివరించినాడు. ఆ సమాజం కథను కథగా విన్నది, వైద్యమును వైద్యంగా నేర్చినది. పుష్పం అద్దితే చూపు వచ్చునని ఎవరైన నేడు చెప్పినచో ఆశపడి మోసపోరాదు. కంటి వైద్యుని వద్దకే పోవలెను. అయితే కథ నేర్పే ధర్మమును మాత్రం విడువరాదు. మన విద్యార్థులలో కొందరు రేపు వైద్యులు, ఔషధ విక్రేతలు, ఉపాధ్యాయులు, అధికారులు కాగలరు. భాండారపు తాళపుచెవి వారిలో ఎవరి చేతికైనను రావచ్చును. గూదర్జ్ వచ్చి తలుపు తట్టిన క్షణమున వారు కైకావూస్ వలె కూర్చుండక లేచి తలుపు తెరువగలిగినచో, ఈ దాస్తానులను చదివిన ఫలం దక్కినట్లే.