ట్రాక్టరులో గవర్నరు పని ఏమిటి? స్పీడు నిలవకపోతే ఏ వరుసలో చూడాలి?



గవర్నరు అనగానే మనకు సాంఘికశాస్త్రం పాఠంలోని రాష్ట్ర గవర్నరు గారు గుర్తుకొస్తారు. ట్రాక్టరులో కూడా ఒక గవర్నరు ఉంది. ఇంజను స్పీడును అదుపులో పెట్టడం దాని పని. మా మామ కోయలో మాట్లాడేటప్పుడు కూడా దాన్ని గవర్నరు అనే అంటాడు.

గవర్నరు ఎలా పనిచేస్తుంది?

ట్రాక్టరుది డీజిల్ ఇంజను. పంపు ఎంత డీజిల్ పంపిస్తే అంత స్పీడు. చాలా ట్రాక్టర్లలో గవర్నరు ఆ పంపులోనే ఉంటుంది. అందులో తిరిగే చిన్న ఇనుప బరువులు, ఒక స్ప్రింగు ఉంటాయి. మనం ఒప్పులకుప్ప తిరిగేటప్పుడు జడలు బయటికి లేస్తాయి కదా! అలాగే ఇంజను జోరు ఎక్కువైతే బరువులు బయటికి విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి. జోరు తగ్గితే బరువులు లోపలికి ముడుచుకుంటాయి. అప్పుడు స్ప్రింగు నెట్టి డీజిల్ పెంచుతుంది.

డ్రైవరు చేతి దగ్గర లివరు ఆ స్ప్రింగును బిగిస్తుంది. అంటే "ఇంత స్పీడు ఉంచు" అని గవర్నరుకు చెప్పడం అన్నమాట. ఆ తర్వాత నాగలికి గట్టి నేల తగిలినా, మెత్తటి నేల తగిలినా గవర్నరే చూసుకుంటుంది.

ఇలాంటి తిరిగే గుండ్ల గవర్నరును జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి పెట్టాడు. అంతకు ముందు గాలిమరల్లో వాడేవారు. డీజిల్ జనరేటరులో కూడా గవర్నరు ఉంటుంది. లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఒకేసారి వేస్తే జనరేటరు శబ్దం ఒక్క క్షణం కిందికి దిగి మళ్లీ సర్దుకుంటుంది. ఆ సర్దింది గవర్నరే. ఈసారి కరెంటు పోయినప్పుడు చెవి పెట్టి వినండి.

మా ఊళ్లో ఏం జరిగింది?

మా మామ, ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఒక పాత ట్రాక్టరు కొన్నారు. పోయిన ఏడు వరి నూర్పిళ్లప్పుడు దాని స్పీడు దానంతట అదే పెరుగుతూ, దిగుతూ ఉంది. కళ్లంలో కుప్ప అలాగే ఉంది. ఆకాశం మబ్బు పట్టింది.

నూర్పిడి మిషనుకు ఒకే స్పీడు కావాలి. దాన్ని తిప్పే పి.టి.ఓ. షాఫ్టుకు చాలా ట్రాక్టర్లలో నిమిషానికి 540 చుట్లు లెక్క. తగ్గితే గడ్డి ఇరుక్కుంటుంది, గింజలు కంకికే ఉండిపోతాయి. మరీ ఎక్కువైతే గింజ విరిగిపోతుంది.

పట్నం నుంచి వచ్చిన ఒక మెకానిక్కు "గవర్నరు పోయింది, పంపు మొత్తం విప్పాలి" అన్నాడు. ఆయన అడిగిన డబ్బుకు మా అత్త రెండు మేకలు అమ్మాలి. అప్పుడు పక్క ఊరి ముసలి డ్రైవరు తాత వచ్చి "ముందు పైన చూడండ్రా, లోపల తర్వాత" అన్నాడు. చూస్తే డీజిల్ ఫిల్టరు దగ్గర పైపు వాషరు పాడై గాలి లాగుతోంది! వాషరు మార్చి గాలి తీసేశారు. ఆ రాత్రికే నూర్పిడి అయిపోయింది. మేకలు ఇంకా మా అత్త దగ్గరే ఉన్నాయి. టార్చి పట్టుకుని నిలబడి నేను తాత చెప్పింది నోటుబుక్కులో రాసుకున్నాను. అదే ఇది.

చూడవలసిన వరుస

1. డీజిల్: ట్యాంకులో ఉందా, నీళ్లు, మడ్డి కలిశాయా? ఫిల్టరు మూసుకుపోతే బరువు పడగానే ఇంజను నీరసించి ఆగిపోతుంది.

2. గాలి: స్పీడు ఊగుతుంటే ముందు దీన్నే అనుమానించాలి. ఇంజను ఆపి, ఫిల్టరు పైనున్న చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టాలి. బుడగలు వస్తాయి. బుడగలు పోయి ఒట్టి డీజిల్ వచ్చాక బిగించాలి. మళ్లీ మళ్లీ గాలి వస్తుంటే ఏదో జాయింటు లాగుతోందని అర్థం.

3. లివరు: ఇంజను ఆపి ఒకరు లివరు కదపాలి, ఇంకొకరు పంపు దగ్గర చిన్న చెయ్యి చూడాలి. ఇక్కడ పూర్తిగా కదిపినా అక్కడ సగమే కదిలితే లింకు రాడ్డు వంగింది, లేదా కీళ్లు అరిగాయి.

4. లివరు వెనక్కి జారడం: వణుకుకు లివరు జారితే స్పీడు తగ్గిపోతుంది. అక్కడ ఘర్షణ తగ్గింది. నట్టు బిగించాలి, లేదా వాషర్లు మార్చాలి.

5. స్పీడు దిగకపోవడం: లింకులకు పట్టిన మట్టి కడగాలి. వెనక్కి లాగే స్ప్రింగు ఊడిందేమో చూడాలి.

6. ఇవన్నీ బాగుంటేనే పంపు, గవర్నరు అనుమానించాలి. అది పంపు మెకానిక్కు పని. సీసం సీలు వేసిన స్క్రూ జోలికి మనం వెళ్లకూడదు. ఇంజను దాటకూడని స్పీడును అది కాపాడుతుంది.

జాగ్రత్తలు

గవర్నరు పట్టేసి ఇంజను ఆగకుండా రేగితే ముక్కలై ఎగరవచ్చు. డ్రైవరు వెంటనే స్టాపరు లాగాలి. మిగతావాళ్లు దూరం పోవాలి. తిరిగే షాఫ్టు దగ్గరికి చున్నీ, కొంగు, విప్పిన జడతో అస్సలు వెళ్లకూడదు.

"ఆడపిల్లలకు ట్రాక్టరు సంగతి ఎందుకు?" అని కొందరంటారు. మిషనులోకి పనలు అందించేది మన అమ్మలే. దాని పక్కన రోజంతా నిలబడేదీ వాళ్లే. కాబట్టి మనకు తెలియాలి.

ప్రశ్నలు (జవాబులు వచ్చే సంచికలో)

1. ఇంజను జోరు పెరిగితే గవర్నరు బరువులు ఎటు కదులుతాయి?
2. స్పీడు ఊగుతుంటే పంపు విప్పే ముందు ఏమేం చూడాలి?
3. లివరు జారకుండా పట్టి ఉంచే బలం పేరేమిటి?

— 9వ తరగతి విద్యార్థిని