తెరమీది ద్వంద్వయుద్ధము – దానిని చూచు విధము



ఏ యాటనైనను చూచుటకు రెండు విధములు కలవు. కన్నులతో మాత్రమే చూచుట యొకటి. తెలిసి చూచుట మఱియొకటి. చదరంగము తెలియనివానికి ఇద్దఱు మనుష్యులు ఒక పలకయొద్ద మౌనముగా కూర్చుండుట మాత్రమే కనబడును. తెలిసినవానికి అచ్చట రెండు సైన్యముల పోరాటము కనబడును. ఈ భేదమును నేను నలువది యేండ్లు దాటిన పిమ్మట ఒక విద్యార్థివలన నేర్చుకొంటిని.

గత సంవత్సరము ఒక రాత్రి చదువువేళ నేను బోర్డింగునకు పోగా, అయిదాఱుగురు బాలురు ఒక మూల గుమిగూడి సెల్ ఫోనులో ఏదో చూచుచు ఒక్కసారిగా కేక వేసిరి. నేను ఫోనును తీసికొంటిని. దానిలో రెండు బొమ్మలు ఒకదానినొకటి తన్నుకొనుచుండెను. “గణితమున తప్పితివి. నీకు ఈ బొమ్మల కొట్లాట కావలసివచ్చినదా?” అని ఒక బాలుని మందలించితిని. అతడు తల వంచుకొని, “అయ్యగారూ, వారు కొట్టుకొనుట మీరు చూచితిరి. వారు ఆలోచించుట చూడలేదు” అనెను.

ఆ మాట నాకు మొదట కోపము కలిగించినది. అయినను గదికి పోయి ఆ దృశ్యమును మూడుమారులు చూచితిని. మెఱుపులు తప్ప నాకేమియు బోధపడలేదు. మరునాడు సాయంకాలము ఆ బాలుని పిలిచి, “నాకు నేర్పుము” అంటిని. తరగతిలో నోరు మెదపని ఆ బాలుడు నల్లబల్లయొద్ద నిలిచి అరగంటసేపు క్రమము తప్పక చెప్పెను. తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపింపవలెనని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. ఆ సూత్రమును ఎఱుగకయే అతడు చెడుగుడుతో ప్రారంభించెను. కూతకు వచ్చినవాడు కాలు చాచినట్లు నటించి చేతితో తాకును గదా, ఇదియు అట్టిదే యనెను. అతడు చెప్పినదానిని, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆట స్వరూపము

వీనిని పోరాటపు వీడియో ఆటలందురు. జపాను దేశపు కాప్‌కామ్ సంస్థ 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 అను ఆటను వెలువరించిన పిమ్మట ఇవి లోకమంతట వ్యాపించెను. ఆ దినములలో నాణెము వేసి ఆడు యంత్రముల ముందు ఇద్దఱు ప్రక్కప్రక్కన నిలిచి ఆడుచుండిరి. ఒక్కొక్కరు ఒక్కొక్క యోధుని నడిపింతురు. తెర పైభాగమున ఇరువురి ప్రాణశక్తిని చూపు పట్టీలు రెండుండును. దెబ్బ తగిలినకొలది పట్టీ తఱుగును. పట్టీ ముగిసినవాడు ఆ రౌండు ఓడును. సాధారణముగా రెండు రౌండ్లు గెలిచినవానిదే ఆట.

ఆటకు మూలమైన పనులు మూడు: కొట్టుట, కాచుకొనుట, పట్టి పడవేయుట. కాచుకొన్నవానిని దెబ్బ బాధింపదు. కాచుకొని కూర్చున్నవానిని పట్టి పడవేయవచ్చును. పట్టుటకు వచ్చినవానిని కొట్టవచ్చును. రాయి, కాగితము, కత్తెర యను పిల్లల యాటవలె ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి విరుగుడు. కావున ఎదుటివాడు ఏమి చేయబోవునో ముందుగా ఊహించినవానిదే పైచేయి.

చూచి కాచుకొనరాదా యని మీరడుగవచ్చును. తెరమీది చిత్రము సెకనుకు 60 మారులు మారును. వేగముగల దెబ్బ నాలుగైదు చిత్రముల కాలములోనే తగులును. మనుష్యుడు కంటితో చూచి చేయి కదపుటకు సుమారు సెకనులో అయిదవ వంతు, అనగా 12 చిత్రముల కాలము పట్టును. లెక్క మీరే చేయుడు. అట్టి దెబ్బను చూచి తప్పించుకొనుట మనుష్యునికి సాధ్యము కాదు. ఎదుటివాని మనస్సును చదివి తప్పించుకొనవలసినదే.

ఒక ప్రసిద్ధ ఘట్టము

ఆ రాత్రి బాలురు చూచుచుండినది 2004వ సంవత్సరము ఆగష్టు 1వ తేదీన జరిగినది. కాలిఫోర్నియా రాష్ట్రమున పొమోనాలోని విశ్వవిద్యాలయములో ఈవో అను వార్షిక పోటీలు జరుగుచుండెను. స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్ అను ఆటలో జపానువాడగు దైగో ఉమెహారా కెన్ అను యోధుని, అమెరికావాడగు జస్టిన్ వాంగ్ చున్‌లీ అను స్త్రీని నడిపించుచుండిరి. ఉమెహారా ప్రాణపట్టీలో వెండ్రుకవాసి మాత్రమే మిగిలియుండెను. ప్రత్యేకమైన దెబ్బలను కాచుకొన్నను ప్రాణశక్తి కొంచెము తఱుగుట ఆ యాట నియమము. కనుక అతనికి కాచుకొనుటయు ఓటమియే.

ఆ యాటలో ఒక్క ఉపాయము మిగిలియుండెను. దెబ్బ తగులబోవు క్షణమున వెనుకకు తగ్గక, మీటను శత్రువు వైపునకే త్రోసినయెడల ఆ దెబ్బ నిష్ఫలమగును. రెప్పపాటు ముందైనను, వెనుకైనను దెబ్బ తగులును. వాంగ్ 15 తన్నులు గల మహాస్త్రమును ప్రయోగించెను. మొదటి తన్నును చూచి ప్రతిక్రియ చేయుటకు వ్యవధి లేదు; అది వచ్చుచున్నదని ముందే ఎఱిగియుండవలెను. ఉమెహారా ఎఱిగెను. ఒక్కొక్క తన్నును లయ తప్పక త్రోసివేసెను. కడపటిదానిని గాలిలోనికెగిరి త్రోసివేసి, వెంటనే ఎదురుదాడి చేసి గెలిచెను.

ఇచ్చట గమనింపదగినది ప్రేక్షకుల కేక. అది గెలుపు తరువాత మొదలు కాలేదు. తన్నులు ఇంకను పడుచుండగానే మొదలయ్యెను. ఏలయనగా వారు తెలిసి చూచుచుండిరి. ఒక్కటి తప్పినను అంతయు పోవునని వారెఱుగుదురు. ఆ రెండు మూడు సెకనుల వెనుక ఎన్ని యేండ్ల సాధన కలదో వారెఱుగుదురు. నేను మూడుమారులు చూచి కానలేని దానిని వారు ఒక్కమారు చూచి కనుగొనిరి. నాలుగవమారు, ఆ బాలుడు నేర్పిన పిమ్మట చూచినప్పుడు, నేనును కుర్చీనుండి లేచితిని.

మఱియొక సంగతి. ఆ దినమున ఉమెహారా విజేత కాలేదు. తుదిపోటీలో కెంజీ ఒబాతా అనువాడు అతనిని ఓడించెను. అయినను లోకము జ్ఞాపకముంచుకొన్నది ఆ పదునైదు తన్నులనే.

పోటీల యేర్పాటు

ఈవో పోటీలు 1996లో సన్నీవేల్ పట్టణమున చిన్న కూటముగా మొదలై, 2002లో ఇప్పటి పేరు పొంది, 2005లో లాస్ వేగాస్ నగరమునకు మారెను. రుసుము చెల్లించిన ఎవరైనను ఇందులో పాల్గొనవచ్చును. నేటి ప్రారంభకుడు మొదటి పోటీలోనే జగద్విజేతను ఎదుర్కొనవచ్చును.

ఇందు ఒకమారు ఓడినవానిని పంపివేయరు. ఓడినవారి వరుసలో చేర్చుదురు. రెండవమారు ఓడినప్పుడే అతడు తొలగును. క్రింది వరుసలో అందఱిని గెలిచినవాడు తుదిపోటీకి వచ్చి విజేత కావచ్చును. చూచువారికి ఇంతకంటె ఉత్కంఠ కలిగించునది లేదు. ఉదయము ఓడినవాడు సాయంకాలము ఒక్కొక్క మెట్టు ఎక్కి వచ్చుచుండగా, మునుపు ఎఱుగనివారును అతని పక్షము వహింతురు.

దూరదేశములవారికిని ఈ ద్వారము తెఱవబడియున్నది. 2019లో లాహోరు నగరవాసియగు అర్సలాన్ ఆష్, టెక్కెన్ 7 అను ఆటలో, ఫిబ్రవరియందు జపానులోను, ఆగష్టునందు లాస్ వేగాస్‌లోను జయమొందెను. లాస్ వేగాస్ తుదిపోటీలో అతనిచేత ఓడినవాడు కొరియా దేశపు మేటి ఆటగాడగు నీ. అతడు పిమ్మట నేర్చుకొనుటకై పాకిస్తానుకే వెళ్లెను. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ 5 నందు స్వర్ణపతకము పొందిన కొరియావాడు కిమ్ గ్వాన్‌వూ వయస్సు 44 ఏండ్లు. నా యీడువారు దీనిని గమనింతురుగాక.

ముగింపు

ఇంతమాత్రముచేత రాత్రులు మేల్కొని చూడుడని గాని, పందెములు కాయుడని గాని నేను చెప్పుటలేదు. నిద్ర చెడిన కన్నులు ఆటనైనను సరిగా చూడజాలవు. పందెము కాచినవాడు ఆటను గాక సొమ్మును చూచును. తలిదండ్రులకు నా మనవి యొక్కటియే: మీ బిడ్డ కేక వేసినప్పుడు ఫోను లాగికొనుటకు ముందు, “నీవు ఏమి చూచితివి?” అని యడుగుడు. చెప్పగలిగినయెడల అతడు నేర్చుకొనుచున్నాడు. చెప్పజాలనియెడల కాలము వృథయగుచున్నది.

ఓడినవారి వరుసను గూర్చి చెప్పిన దినమున ఆ బాలుడు సుద్దముక్క క్రింద పెట్టి, “అయ్యగారూ, మన బడిలో క్రింది వరుస లేదు” అనెను. నేను ప్రత్యుత్తరము చెప్పలేకపోతిని. ఆ వారమే గణితమున తప్పిన అయిదుగురికి మరల పరీక్ష పెట్టితిని. ముగ్గురు ఉత్తీర్ణులైరి. ఆ బాలుడు రెండు మార్కులు తక్కువై మరల తప్పెను. అయితే ఆ సాయంకాలమే తన జవాబుపత్రమును పట్టుకొని నా గదికి వచ్చి, ఆటగాండ్రు తాము ఓడిన పోటీలను మరల చూచుకొందురని చెప్పి, ఏ లెక్కయొద్ద ఏమి ఆలోచించి తప్పితినో చూపుడని యడిగెను. ఆ రాత్రి మేమిద్దఱము ఆ పత్రమును మొదటినుండి చూచితిమి.